కెనడా ఒక గంట ఆలస్యం

"మీ నెట్టు సచ్చింది. లేపుతరా, దఫన్ చేసుకొమ్మంటరా?"

తెల్లారగట్ల ఫోన్లో ఆ గొంతు వినేసరికి సాకిబ్‌కు నిద్రమత్తు సగం దిగిపోయింది. కేతేపల్లిలో కేబుల్ నడిపే పరశురాములు దగ్గర అతను లైన్‌మ్యాన్‌గా చేరి నెల కాలేదు. కోడి కూయకముందే తిట్టే గిరాకీ తగలడం ఇదే మొదలు.

"ఎవలు మాట్లాడేది?"

"మసీదెనక ఇక్బాల్ బీ ఇల్లు. కెనడాల ఇద్దరు పిల్లలు నాకోసం కూసున్నరు. నా మొహం జాగల చక్రం గిరగిర తిరుగుతాందంట."

"కోతులు తెంపినయేమో అమ్మా. ఈ నడుమ తీగెల మీదనే ఉయ్యాలలూగుతున్నయ్."

"కెనడా పిల్లలకు కోతులు తెంపినయని చెప్తే నమ్ముతరా? ఇంకోటి, అమ్మా అనకుండ్రి. నాకు ఇరవై మూడే."

ఫోన్ కట్టయింది.

తెంపింది కోతులే. తనతోపాటు పనిచేసే మల్లేశ్ కింద నిచ్చెన పట్టుకుంటే సాకిబ్ స్తంభమెక్కి తెగిన కొసలు అతికించాడు. అతికించీ అతికించకముందే కింద కిటికీలోంచి ఆ గొంతే వినిపించింది. ఫోన్లో గొంతుకూ దీనికీ పోలికే లేదు. ఒక్కో అక్షరాన్ని గొంతు అడుగునుంచి తీసి, తుడిచి, పళ్లెంలో పెట్టినట్టు పలుకుతున్నది. ఆ వెనకే రెండు పసిగొంతులు, పొదుగు దొరకని లేగదూడల్లా తడబడుతూ వస్తున్నాయి.

సాకిబ్ దిగడం మరిచిపోయాడు.

"ఏందిరా, కరెంటు గిట్ల కొట్టిందా?" కిందనుంచి మల్లేశ్ అరిచాడు.

"లేదు."

"మరి దిగు. నా చేతులు గుంజుతున్నయ్."

ఆ గొంతు గజాలాది. ఇక్బాల్ బీ మనుమరాలు. చిన్నప్పుడే అమ్మానాయిన పోతే, ముసలమ్మ గుండె రాయి చేసుకొని పిల్లను పాలమూరులో ఆడపిల్లల మదర్సాలో వేసింది. చదువు పూర్తి చేసుకొని, ఖురాన్ చెప్పడం నేర్చుకొని వచ్చింది గజాలా. నల్లగొండలో పుట్టి కెనడా కోడలైన ఫర్జానా అనే ఆమె తన పిల్లలకు చెప్పమని అడిగింది. ఇక్కడ పొద్దుటి నమాజు అయ్యే వేళకు అక్కడ సాయంత్రం. హనాకు పన్నెండేళ్లు, ఇద్రీస్‌కు ఆరు. వాళ్లకు ఉర్దూ సగమే వచ్చు, ఈమెకు ఇంగ్లీషు సగమే వచ్చు. రెండు సగాలూ కలిపి పాఠం నడుస్తున్నది.

ఆ తర్వాత సాకిబ్ ఆ వీధికి రాని పొద్దు లేదు.

"ఏం కొడుకా," ఒకరోజు ఇక్బాల్ బీ అరుగు మీద తస్బీ పూసలు తిప్పుతూ అడిగింది, "ఊర్ల ఇన్ని తీగెలుంటే మా తీగె మీదనే నీకింత పాయిరమేంది?"

"కోతులు నానీ."

"కోతులకు నా ఇల్లొక్కటే దొరికిందా?"

పర్దా వెనకనుంచి కిసుక్కున నవ్వు. సాకిబ్ తల ఎత్తకుండా నిచ్చెన భుజానేసుకున్నాడు. మాటకు మాట చెప్పే రకం కాదతను. చెప్పాల్సిన మాట ఇంటికి పోయాక, సద్ది తినేటప్పుడు గుర్తుకొస్తుంది.

వానాకాలం పడింది. మూసీ గేట్లు ఎత్తారు. ఒక పొద్దున వాన పట్టుకుంటే సాకిబ్ అదే ఇంటి చూరు కింద నిలబడిపోయాడు. లోపల పాఠం నడుస్తున్నది. చూరునీళ్ల చప్పుడులో ఎవరికీ వినపడదనుకొని పిల్లలతోపాటు తనూ మెల్లగా అనడం మొదలుపెట్టాడు. అలిఫ్. బే. తే.

పాఠం ఆగింది.

"నాకు ఇద్దరే పిల్లలు," అంది గజాలా లోపలినుంచి. "మూడోది ఎవలు, మొగ గొంతు?"

సాకిబ్ చెవులు ఎర్రబడ్డాయి. వానలోకి ఉరుకుదామా అనుకున్నాడు. ఇక్బాల్ బీ అప్పటికే తలుపులో ఉంది.

"నువ్వా? సాయబువే గద, నీకు రాదా?"

"రాదు నానీ." అతనికి ఇంత పొడుగు మాట చెప్పడం అలవాటు లేదు, అయినా చెప్పాడు. "మూసీ అవతల మా ఊర్ల మాదొక్కటే ఇల్లు. మసీదు లేదు, చెప్పేటోళ్లు లేరు. తెలుగు బడిల సదివిన. మా నాయినకు గూడ రాదు. ఎవరింట్ల పండుగైనా మేకను కొయ్యనీకి పిలుస్తరు, బిస్మిల్లా అంటడు, గంతవరకే వచ్చు. ఈదుల నాడు ఈద్గాకు పోతే పక్కోన్ని సూసి వంగుత, పక్కోన్ని సూసి లేస్త."

లోపల నవ్వు వినపడుతుందని ఎదురుచూశాడు. రాలేదు.

"మౌల్సాబ్ దగ్గర కూసోవచ్చు గద," అంది గజాలా. గొంతు మెత్తబడింది.

"అందరు గింతగింత పిల్లలు. నా మోకాళ్లే వాళ్ల తలలకన్న ఎత్తుంటయ్."

ఫోన్లోంచి ఇద్రీస్ ఏదో ఇంగ్లీషులో అరిచాడు. గజాలా నవ్వు ఆపుకుంటూ తెలుగులో చెప్పింది. "అంకుల్‌ను మా క్లాసుల కూసోమను అంటున్నడు. వానికంటె ఎనకబడ్డోడు ఒకడు కావాల్నంట."

ఇక్బాల్ బీ కాసేపు తస్బీ ఆపి ఆలోచించింది. పరాయి మగపిల్లవాడు. కానీ అడిగింది అల్లా మాట. కాదంటే రేపు ఆయన ముందు తనే జవాబు చెప్పాలి.

"కూసో. పర్దా ఇవతల. నడుమ నేను కూసుంట."

ఆ రోజునుంచి మాటల వరస తిరగబడింది. వైరు గురించైతే ఆమె "మీరు" అనేది. అక్షరాలు నేర్పే ఖాయిదా పుస్తకం చేతికొచ్చాక "నువ్వు" అయింది. పంతులమ్మ కదా, అతను మాత్రం "ఉస్తానీ" అనే పిలిచేవాడు, ఎంత తిట్టినా "మీరు" వదల్లేదు.

"నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా? నాలిక తిరుగుతలేదు."

"తిరుగుతలేదు ఉస్తానీ."

"స్తంభాలెక్కుతవ్, ఒక్క అక్షరం ఎక్కలేవా?"

"స్తంభానికి కొక్కేలుంటయ్."

పర్దా వెనక నవ్వు పేలింది. ఆ రోజు సాకిబ్ పని మొత్తం గాలిలోనే చేశాడు.

ఒక్కసారే చూశాడామెను. గాలికి పర్దా లేచింది. వంచిన తల, అక్షరం మీద పెట్టిన చీపురుపుల్ల, బుగ్గ మీద ఫోను వెలుగు. అది కెనడాలోని సాయంత్రపు వెలుగు. పర్దా పడింది. ఇక్బాల్ బీ గట్టిగా దగ్గింది.

దసరా దాటాక హనా చదవడం మానేసింది. క్లాసుకు వస్తుంది, తెర నల్లగా పెట్టుకుంటుంది, నోరు విప్పదు. సంగతి ఫర్జానా చెప్పింది. ఆ పిల్ల ఈ ఏడే తలకు స్కార్ఫ్ కట్టుకోవడం మొదలుపెట్టింది. బడిలో అన్నాలప్పుడు ఎవరో వెనకనుంచి లాగారు, ఇంకెవరో ఫోన్లో తీశారు. టీచరు వాళ్లచేత సారీ చెప్పించింది. అంతటితో అయిపోయిందనుకున్నారు అందరూ, హనా తప్ప. మసీదుకు పోయి చెప్పుకుందామంటే మసీదే లేదు. మూతబడ్డ దుకాణమొకటి కొన్నారు గానీ, బండ్లు పెట్టుకునే జాగా చాలదని చుట్టుపక్కలవాళ్లు అర్జీలు పెడితే రెండేళ్లుగా తాళం పడి ఉంది. అంతకుముందొక ఉస్తాద్ వచ్చేవాడు. నీకు ఉచ్చారణ రాదు, నువ్వు ఇంగ్లీషుదానివి అని కసిరేవాడు. బడిలో ముస్లింవని, పాఠంలో ఇంగ్లీషుదానివని అంటుంటే ఆ పిల్ల ఎక్కడ కూర్చోవాలి?

గజాలా చదివిన చోట వందమంది ఆడపిల్లలు, వందమంది తలలూ ఒక్కతీరుగా కప్పుకున్నవే.

"అంకుల్," నల్లని తెరలోంచి హనా గొంతు వచ్చింది. ఇంగ్లీషులో అడిగింది. "మీ బడిలో మీరొక్కరేనా?"

గజాలా తెలుగు చేసింది. సాకిబ్ పర్దా ఇవతల గొంతు సవరించుకున్నాడు.

"ఒక్కన్నే. అందరు సాయిబు అని పిలుస్తుండె. పీర్ల పండుగొస్తే నా ఎనక తిరుగుతుండ్రి, మా తాత ఇంట్లనే పీర్లుంటుండె. కొట్లాట వస్తే మాత్రం, మీ పాకిస్తాన్‌కు పో అంటుండ్రి."

"మీరేం చేశారు?"

"అన్నోన్ని ఒక్కటి గుద్దిన."

"అది చెప్పను నేను," అంది గజాలా.

"చెప్పుండ్రి. ఆ తర్వాతది గూడ చెప్పుండ్రి. వాడు తిరిగి రెండు గుద్దిండు. మాపటికి ఇద్దరం మూసీల ఈత కొట్టినం. ఇప్పుడు నా నిచ్చెన పట్టేది వాడే. మల్లేశ్."

తెలుగు ఇంగ్లీషులోకి నడిచిపోయింది. అవతలనుంచి హనా చిన్నగా, "మాకు మూసీ లేదు అంకుల్. ఇక్కడ చలికాలమంతా ఏరు గడ్డకట్టి ఉంటుంది."

దానికో మాట కోసం సాకిబ్ ఆ రోజంతా స్తంభాల మీద వెతుక్కున్నాడు. దొరకలేదు.

ఆ వారమే కెనడానుంచి కబురు వచ్చింది. మసీదుకు పర్మిషన్ దొరికింది. ముప్పైమంది ఆడపిల్లలున్నారు, కసరకుండా చెప్పే ఉస్తానీ కావాలి. ఫర్జానా గజాలాను రమ్మన్నది. ఉత్తిగా కాదు. తన మరిది జుబేర్ ఉన్నాడు, ఇంజనీరు, నెమ్మదస్తుడు. నికా అయితే కాగితాలూ సులువు. సోమవారం పాఠం వేళకు అందరం ఫోన్ ముందు కూర్చుంటాం, మీ మాట చెప్పండి అన్నది.

ఇదంతా ఆదివారం పొద్దున, రౌటర్‌కు కొత్త వైరు బిగిస్తున్న సాకిబ్‌కు ఇక్బాల్ బీయే చెప్పింది. చెబుతూ అతని చేతుల వంక చూసింది. స్క్రూ రెండుసార్లు కిందపడింది.

"మంచిదే గద నానీ."

"మంచిదే. పిల్లగాడు మంచోడు. ఫొటో సూసిన. నువ్వేమంటవ్?"

"నేనేమంట?" లేచి చేతులు దులుపుకున్నాడు. "రేపు నెట్టు లేకపోతే వాళ్లెట్ల అడుగుతరో సూడాలె," అన్నాడు నవ్వబోతూ. నవ్వు మధ్యలోనే ఆగింది. పర్దా వెనక ఎవరో నిలబడి ఉన్నట్టనిపించింది. ఆ వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదని చెప్పనక్కర్లేదు.

సోమవారం పొద్దున్నే ఫోన్. "రా," అంది గజాలా. అంతే.

వెళ్లేసరికి ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఇక్బాల్ బీ కొత్త దుపట్టా కప్పుకొని కూర్చుంది. పళ్లెంలో ఖుబానీ కా మీఠా, ఫోన్లోంచి ఎవరో తింటారన్నట్టు. వేళ దాటిపోతున్నా కెనడానుంచి పిలుపు రాలేదు. గజాలా చేస్తే అవతల ఎత్తేవాళ్లు లేరు.

సాకిబ్ రౌటర్ చూశాడు. దీపం పచ్చగా వెలుగుతున్నది. బయటికి పోయి తీగె ఆ చివరనుంచి ఈ చివరకు చూసొచ్చాడు.

"అన్నీ బాగున్నయ్."

"నువ్వే కోసినవ్," అంది గజాలా. పర్దా అంచును రెండు వేళ్లు గట్టిగా పట్టుకొని ఉన్నాయి. "కోసి, ఇప్పుడు అతికిచ్చి వచ్చినవ్."

"లేదు."

"నిన్న నువ్వే అన్నవ్ గద. నేను విన్న."

"అన్న. కొయ్యలే."

"ఒట్టు?"

సాకిబ్ నేల చూశాడు. అబద్ధమాడడం వచ్చినవాడైతే కథ ఇక్కడితో అయిపోయేది.

"కొయ్యాలనుకున్న," అన్నాడు. "నిన్న కాదు. శుక్రారం. ఫర్జానా బాజీ అడిగిందని బజార్ల ఎవలో అంటే విన్న. కట్టర్ పట్టుకొని స్తంభమెక్కిన. తీగె కట్టర్ నోట్లనే ఉండె. అప్పుడే కింద హనా సదువుడు మొదలుపెట్టింది. ఇన్ని దినాలకు ఆ పిల్ల నోరు తెరిచింది. మీరు యాదికి చేసుకోండ్రి, శుక్రారమే. ఎట్ల కోస్త? ఆ పిల్ల సదువు అయ్యేదాక తీగె పట్టుకొని గట్లనే నిలబడ్డ. దిగొచ్చిన."

తస్బీ ఆగింది.

"రోజు వచ్చి తీగె సూసుడు గూడ బంద్ చెయ్యలే. మీరు పొయ్యే తొవ్వను నేనే సాఫ్ చేస్తున్న. నా అసుంటి పిచ్చోడు ఈ మండలంల ఉంటడా?"

"పోవద్దని ఎందుకనలే?"

"ఎట్లంట? ఆడ ముప్పైమంది పిల్లలు..."

"పిల్లలను అడ్డం పెట్టకు. వాళ్ల సంగతి నాకు తెల్సు. వాళ్ల గురించి నాకు నిద్ర వస్తలేదు. నిన్ను అడుగుతున్న."

ఇరవై ఆరేళ్లలో ఇంత బరువైన మాట ఎత్తలేదు సాకిబ్.

"పోవద్దు."

"గింతేనా?"

"గింతే వచ్చు నాకు."

పర్దా పట్టుకున్న వేళ్లు వదులయ్యాయి. బయట ఎవరిదో ట్రాక్టర్ పోయింది. ఇక్బాల్ బీ పైకప్పు వైపు చూస్తూ, తనకేమీ వినపడనట్టు పెదవులు కదిపింది.

అప్పుడు మోగింది ఫోన్.

తెరనిండా మనుషులు. ఫర్జానా, ఆమె భర్త, ఇద్రీస్, మూలన హనా. "సలామలేకుమ్! మేము టైముకే వచ్చాం, మీరెందుకు అన్నిసార్లు చేశారు? అప్పుడు మేం బయట ఉన్నాం."

"టైముకా? గంటసేపు అయిపాయె, ఎదురుసూసి సూసి సచ్చినం," అంది ఇక్బాల్ బీ.

ఫర్జానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, చెప్పడం మరిచిపోయా! ఇక్కడ చలికాలం రాగానే గడియారాన్ని ఒక గంట వెనక్కి జరుపుతారు. రాత్రే జరిపారు. ఇకనుంచి మీకు గంట ఆలస్యం."

"గడియారాన్ని జరుపుతరా?" ముసలమ్మ ఆశ్చర్యానికి అంతు లేదు. "నమాజుల పొద్దేమో సూర్యుని చేతిల ఉంటది, మీ పొద్దు సర్కారు చేతిల ఉంటదా? యా అల్లా! నేను ఈ పిల్లగాన్ని దొంగను సూసినట్టు సూస్తి గద!"

నవ్వులు సద్దుమణిగాయి. ఫర్జానా భర్త గొంతు సవరించుకున్నాడు. అడగాల్సింది అడిగారు. ఇక్బాల్ బీ మనుమరాలి వైపు తిరిగింది. "నువ్వే చెప్పు బిడ్డా. ఇది నీ బతుకు."

పర్దా ఇవతల సాకిబ్ లేచి పోబోయాడు. ముసలమ్మ అతని అంగీ అంచు పట్టుకొని కూర్చోబెట్టింది.

"బాజీ," అంది గజాలా. "జుబేర్ సాబ్‌కు అల్లా మంచి జోడు ఇయ్యాలె. నేను రాలేను."

"ఏం కష్టమమ్మా? ఏదైనా ఉంటే చెప్పు."

"ఈడ నా దగ్గర ఒకాయన సదువుతున్నడు. ఇంకా ఖాయిదానే దాటలే. ఆయనను నడుమల ఇడిచిపెట్టి రాబుద్ధయితలేదు."

ఫర్జానా ముందు ఆమెను చూసింది, తర్వాత పర్దాను చూసింది. ఆడమనిషి కదా, మెల్లగా నవ్వింది. ఆ నవ్వులో నిరాశ లేకపోలేదు.

"అంకులా?" ఇద్రీస్ ఎగిరాడు. "ఆయనకు వందేళ్లు పడుతుంది!"

"పడనీ. నాకు తొందర లేదు."

సాకిబ్ రెండు అరచేతులూ నేలకు ఆనించి కూర్చున్నాడు. నేల అక్కడే ఉందో లేదో చూసుకున్నట్టు.

హనా మాత్రం నవ్వలేదు. "మరి మేము?" అన్నది. "మేం ముప్పైమందిమి."

"మీ మసీదు గోడకు పెద్ద తెర పెట్టమను మీ నాయినను. అందరికీ ఈన్నుంచే చెప్త. తెల్లారగట్లనే లేస్త, ఎన్ని గంటలైనా చెప్త."

"తెరను పట్టుకొని ఏడవలేం కదా, ఉస్తానీ."

ఇంగ్లీషు రాని ఇక్బాల్ బీకి కూడా అది అర్థమైంది. గజాలా తల వంచుకుంది. ఆ పిల్ల అన్నది నిజం. తన ఆనందానికి ఎంత ఖరీదో, అది ఎవరు కడుతున్నారో ఆమెకు తెలుసు.

"ఏడవలేం," అంది చివరికి. "కని నువ్వు ఏడ్సినప్పుడు నేను ఇవతల ఉంట. ఒక్క పొద్దు గూడ తప్పిపోను. గా మాట ఇస్త."

హనా ముక్కు తుడుచుకుంది. "ఏ టైముకు? మీ గడియారమా, మాదా?"

"మీదే. అది ఎటు జరిగితే నేను గటే జరుగుత."

ఆ పిల్ల పుస్తకం తెరిచింది. చదివింది. రెండుచోట్ల ఆగింది గానీ, తెర నల్లగా పెట్టలేదు.

పాఠం అయ్యాక ఇక్బాల్ బీ మీఠా పళ్లెం సాకిబ్ ముందుకు జరిపింది. "తిను. శుక్రారం నమాజైనంక మీ అమ్మానాయినను తోలుకరా."

"వాళ్లకు ఏమని చెప్పాలె నానీ?"

"గడియకింద నోరు మంచిగనే లేచింది గద? ఇంటికాడ గూడ గట్లనే లేపు. ఇంగ సూడు, నికా అయ్యేదాక పర్దా ఇట్లనే ఉంటది. నడుమ నేను ఇట్లనే కూసుంట. పెండ్లి కుదిరిందని నకరాలు చేస్తే కాళ్లిరగ్గొడ్త."

"సరే నానీ."

అతను లేచాడు. పర్దా వెనకనుంచి గొంతు.

"యాడికి? నీ సబఖ్ కాలే."

సాకిబ్ కూర్చున్నాడు. తన పాఠానికి ఖాయిదా తెరిచాడు. నిన్న తడుముకోకుండా వచ్చిన వరుసే, ఇప్పుడు మొదటి అక్షరం దగ్గరే గొంతు జారిపోయింది.

"తప్పు," అంది గజాలా. ఆగింది. తిట్టు కోసం వెతికినట్టుంది, దొరకలేదు. "మెల్లగ సదువు. నేను ఈన్నే ఉన్న."